ఒకే డిస్కు మీద విండోస్, ఉబుంటు: ఒక ల్యాప్‌టాప్ కేస్ స్టడీ

ముందుగా కేసు వివరాలు. 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎన్‌వీఎంఈ డిస్కు ఉన్న ల్యాప్‌టాప్. రెండో డిస్కు పెట్టుకోవడానికి లోపల చోటు లేదు. విండోస్ 11 నడుస్తోంది. యజమాని రోబోటిక్స్‌లో పరిశోధన చేస్తున్న విద్యార్థిని. ఆమె డిజైన్లు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌లో తప్ప నడవదు, దాని లైసెన్సు కూడా ఈ యంత్రానికే ముడిపడి ఉంది. రోబో పనికి వాడే రాస్ 2 అనే సాఫ్ట్‌వేర్‌లో జాజీ అనే వెర్షన్‌కు ఉబుంటు 24.04 అనే లినక్స్ సిస్టమ్ కావాలి. అంటే విండోస్‌ను తీసేయడానికి వీల్లేదు, ఉబుంటు లేకుండా గడవదు. ఉన్న విండోస్‌ను మళ్లీ మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేసే పరిస్థితి రాకూడదన్నది ఆమె పెట్టిన షరతు.

డ్యూయల్ బూట్, అంటే ఒకే యంత్రంలో రెండు సిస్టమ్‌లు పెట్టుకుని లేచేటప్పుడు ఒకటి ఎంచుకునే ఏర్పాటు, కావాలని వచ్చేవారిలో చాలామందికి నిజానికి అది అక్కర్లేదు. కమాండ్లు నేర్చుకోవడానికో, సర్వర్ ప్రోగ్రాములు రాసుకోవడానికో అయితే విండోస్ లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ 2 సరిపోతుంది. ఎప్పుడో ఒకసారి ఒక ప్రోగ్రాం తెరవాలంటే వర్చువల్ మెషీన్ చాలు. అందుకే ముందు ఆ దారులు కుదురుతాయేమో చూస్తాను. ఇక్కడ కుదరలేదు. ఆమె వాడే లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే సెన్సర్), డెప్త్ కెమెరా రెండూ యూఎస్‌బీలో తగిలించేవే. డబ్ల్యూఎస్‌ఎల్ యూఎస్‌బీ పరికరాలను నేరుగా చూడలేదు, విండోస్ వాటిని నెట్‌వర్క్ మీదుగా దానికి అందించాలి. ఒక్క సెకనులో పదుల ఫ్రేములు పంపే కెమెరాకు ఆ చుట్టుదారి పనికిరాదు. వర్చువల్ మెషీన్‌కు ఉన్న ర్యామ్‌లో సగం ఇచ్చి సిమ్యులేషన్ నడపడం కూడా అయ్యే పని కాదు.

ఇక అసలు విషయం. డిస్కును రెండు భాగాలు చేయడం ఈ పనిలో తేలికైన భాగం. అన్నదమ్ములు పొలం మధ్య గట్టు వేసుకుని పంచుకుంటారు గానీ బావి ఉమ్మడిగానే మిగులుతుంది, తగవులన్నీ దాని దగ్గరే మొదలవుతాయి. కంప్యూటర్‌లోనూ ఏ పార్టిషన్‌కూ చెందనివి కొన్ని ఉంటాయి: ఫర్మ్‌వేర్ (మదర్‌బోర్డులోనే ఉండి ముందుగా లేచే ప్రోగ్రాం) దాచుకునే బూట్ జాబితా, బూట్ ఫైళ్లుండే ఈఎఫ్‌ఐ పార్టిషన్, మదర్‌బోర్డు మీది గడియారం, తాళాలను భద్రపరిచే టీపీఎం చిప్, చివరికి బ్లూటూత్ చిరునామా కూడా. డ్యూయల్ బూట్ గురించి వినే ఫిర్యాదుల్లో అధిక భాగం వీటిలో ఏదో ఒకదాని దగ్గర తేలుతుంది. ఈ కేసులో ఇవన్నీ ఎదురయ్యాయి.

యంత్రాన్ని ముట్టుకునే ముందు

సిస్టమ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే బయోస్ మోడ్ దగ్గర యూఈఎఫ్‌ఐ (కొత్త తరహా ఫర్మ్‌వేర్) అని, సెక్యూర్ బూట్ (నమ్మదగిన సంతకం ఉన్న బూట్ ఫైళ్లనే నడవనిచ్చే రక్షణ) ఆన్ అని ఉంది. డిస్కు భాగాల పట్టిక జీపీటీ పద్ధతిలో ఉంది. ఇంతవరకు చిక్కేమీ లేదు. పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉండి ఉంటే నాలుగు ప్రైమరీ పార్టిషన్ల పరిమితితో వేరే తలనొప్పి ఉండేది.

ఆ తరువాత అడ్మిన్ కమాండ్ విండోలో మేనేజ్-బీడీఈ ఆదేశంతో డిస్కు ఎన్‌క్రిప్షన్ స్థితి అడిగాను. సీ డ్రైవ్ పూర్తిగా ఎన్‌క్రిప్ట్ అయి ఉందని, తాళం టీపీఎం చిప్ దగ్గర ఉందని చెప్పింది. ఆమె ఆశ్చర్యపోయింది. "నేనెప్పుడూ అలాంటిది ఆన్ చేయలేదు సార్."

చేయనవసరం లేదు. తగిన హార్డ్‌వేర్ ఉన్న యంత్రంలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి లాగిన్ అయితే చాలు, విండోస్ డివైస్ ఎన్‌క్రిప్షన్‌ను తానే ఆన్ చేసుకుని రికవరీ కీని ఆ అకౌంట్‌లో దాచిపెడుతుంది. రోజువారీ వాడకంలో దాని జాడే తెలియదు. బూట్ వరుసలోనో, ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లోనో మార్పు వచ్చినప్పుడు మాత్రం నీలం తెర మీద 48 అంకెల కీ అడుగుతుంది. అది చేతిలో లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే. కాబట్టి ఏ యంత్రానికైనా నేను చేసే మొదటి పని ఆ కీని అకౌంట్‌లోంచి తీయించి, ఆ ల్యాప్‌టాప్‌కు సంబంధం లేని చోట దాచడం. ఇక్కడ ఆమె చేత కాగితం మీద రాయించాను.

చేత్తో రాసిన కీ సరిగా ఉందో లేదో తేల్చడానికి ఒక చక్కని ఉపాయం ఉంది. ఆ 48 అంకెలు ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులుగా ఉంటాయి. ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడుతుంది. కీని తయారుచేసేటప్పుడే ఒక్కో భాగాన్ని 11తో గుణించి ఆ గుంపులు చేస్తారు. ఫోనులోని కాలిక్యులేటర్‌లో ఒక్కో గుంపునూ 11తో భాగించమన్నాను. అయిదో గుంపు దగ్గర శేషం మిగిలింది. చూస్తే 1ని 7గా రాసుకుంది. దిద్దాక ఎనిమిదీ సరిపోయాయి.

ఆపై ఎన్‌క్రిప్షన్‌ను పూర్తిగా తీసేయకుండా, దాని కాపలాను తాత్కాలికంగా ఆపాను. మామూలుగా సస్పెండ్ చేస్తే తరువాతి రీస్టార్ట్‌తో కాపలా మళ్లీ మొదలవుతుంది. మనకు ముందు చాలా రీస్టార్టులు ఉన్నాయి కనుక, రీబూట్ కౌంట్‌ను సున్నాగా ఇచ్చి, తిరిగి ఆన్ చేసేదాకా ఆగి ఉండేలా చేశాను. చాలా చోట్ల బిట్‌లాకర్‌ను, అంటే ఈ విండోస్ ఎన్‌క్రిప్షన్‌ను, తీసేసి పని మొదలుపెట్టమంటారు. ప్రయాణాల్లో వెంట తిరిగే ల్యాప్‌టాప్‌కు ఆ సలహా నేను ఇవ్వను.

చోటు చేయడం

సీ డ్రైవ్‌లో 260 జీబీకి పైగా ఖాళీ ఉంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో తగ్గించమని అడిగితే 41 జీబీకి మించి తగ్గించలేనంది. ఇది చూసి చాలామంది ఇంటర్నెట్‌లో దొరికిన పార్టిషన్ సాఫ్ట్‌వేర్ ఏదో దించుకుంటారు. అంతదాకా వెళ్లనవసరం లేదు. అడ్డం ఏమిటో విండోసే చెబుతుంది. ఈవెంట్ వ్యూయర్‌లో అప్లికేషన్ లాగ్ తెరిచి 259 నంబరు ఈవెంట్ వెతకాలి. పార్టిషన్ చివరికి అతి దగ్గరగా ఉన్న కదపలేని ఫైలు పేరు అందులో ఉంటుంది.

ఇక్కడ ఆ పేరు సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్ ఫోల్డరులోది, అంటే రిస్టోర్ పాయింట్. సిస్టమ్ ప్రొటెక్షన్‌ను తాత్కాలికంగా ఆపాను. మళ్లీ అడిగితే ఈసారి ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడుకునే పేజ్ ఫైలు అడ్డం వచ్చింది, దాన్నీ ఆపాను. హైబర్నేషన్‌ను (ర్యామ్‌లోని స్థితిని డిస్కు మీద దాచి యంత్రాన్ని ఆపే ఏర్పాటు) పవర్‌సీఎఫ్‌జీ ఆదేశంతో ఆపాను, దీన్ని మాత్రం శాశ్వతంగా. రీస్టార్ట్ చేసి చూస్తే తగ్గించగలిగే చోటు 200 జీబీ దాటింది. అందులో 190 జీబీ తీసుకున్నాను. 130 ఉబుంటుకు, 60 రెండూ వాడుకునే డేటా పార్టిషన్‌కు. పేజ్ ఫైలును, రిస్టోర్ పాయింట్లను తిరిగి ఆన్ చేశాను. డిస్కు చివర ఉన్న విండోస్ రికవరీ పార్టిషన్‌ను కదిలించలేదు. ఎవరు అడిగినా కదిలించవద్దనే చెబుతాను.

హైబర్నేషన్ ఆపడానికి చోటు ఒక్కటే కారణం కాదు. దానితోపాటు ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగుతుంది. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నంతకాలం విండోస్‌లో షట్ డౌన్ నొక్కితే నిజంగా షట్ డౌన్ కాదు. కెర్నెల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం) స్థితిని డిస్కు మీద దాచి, డ్రైవులను తెరిచి ఉన్నట్టే వదిలి పడుకుంటుంది. విచిత్రంగా, రీస్టార్ట్ నొక్కినప్పుడే పూర్తిగా మూసుకుంటుంది. ఆ సగం నిద్రలో ఉండగా ఉబుంటు వెళ్లి అదే ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ పద్ధతి) పార్టిషన్‌లో రాస్తే, నిద్రలేచిన విండోస్ తనకు గుర్తున్న పాత లెక్కతో దాన్ని చెరిపేయగలదు. అందుకే లినక్స్ అలాంటి పార్టిషన్‌ను చదవడానికి మాత్రమే తెరుస్తుంది. డేటా పార్టిషన్‌లో ఫైళ్లు సేవ్ కావడం లేదనే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే.

డిస్కు కనబడలేదు

ఉబుంటు ఇమేజ్‌ను కొత్తగా దించి, అది చెడలేదని ఎస్‌హెచ్‌ఏ-256 విలువతో సరిచూసి, పెన్‌డ్రైవ్‌లో రాశాను. పాత పెన్‌డ్రైవ్ చేతిలో ఉన్నా వాడలేదు. దానికి కారణం ఉంది. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ భద్రతా అప్‌డేట్, సెక్యూర్ బూట్‌లో పాత బూట్ ప్రోగ్రాములను నిషేధించే ఎస్‌బ్యాట్ అనే స్థాయిని ఫర్మ్‌వేర్‌లో పెంచింది. లినక్స్‌ను లేపే గ్రబ్ అనే ప్రోగ్రాంలో బయటపడిన ఒక పాత లోపాన్ని అడ్డుకోవడం దాని ఉద్దేశం. డ్యూయల్ బూట్ యంత్రాలకు అది వర్తించకూడదని అనుకున్నా, వాటిలో కొన్నింటిని గుర్తుపట్టలేకపోయింది. పాత షిమ్ (గ్రబ్‌కు ముందు నడిచే చిన్న ప్రోగ్రాం) ఉన్న లినక్స్‌లూ ఇన్‌స్టాలర్ పెన్‌డ్రైవ్‌లూ బూట్ కాకుండా ఆగిపోయాయి. ఒక సిస్టమ్‌కు వచ్చిన అప్‌డేట్ రెండోదాన్ని ఆపగలదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

పెన్‌డ్రైవ్ బాగానే బూట్ అయింది. ఇన్‌స్టాలర్‌లో మాత్రం డిస్కు కనబడలేదు, పెన్‌డ్రైవ్ ఒక్కటే కనబడింది. ఫర్మ్‌వేర్‌లో స్టోరేజీ మోడ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ మీద ఉంది. ఆ పాత తరహా మోడ్‌లో ఎన్‌వీఎంఈ డిస్కు సాటా కంట్రోలర్ వెనకాల దాగిపోతుంది, లినక్స్‌కు అంతుచిక్కదు. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. నేరుగా మారిస్తే విండోస్ బూట్ కాదు, ఎందుకంటే బూట్ సమయంలో ఎక్కించుకోవలసిన డ్రైవర్ మారిపోతుంది.

దారి ఏమిటంటే, ముందు విండోస్‌లో బీసీడీఎడిట్‌తో తరువాతి బూట్ సేఫ్ మోడ్‌లో జరిగేలా పెట్టాలి. రీస్టార్ట్ అవుతుండగా ఫర్మ్‌వేర్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐకి మార్చాలి. సేఫ్ మోడ్‌లో విండోస్ మామూలు స్టోరేజీ డ్రైవర్లతో లేచి కొత్త పరిస్థితికి అలవాటు పడుతుంది. ఆపై సేఫ్ మోడ్ సెట్టింగును తొలగించి మామూలుగా రీస్టార్ట్ చేయాలి. ఇక్కడ జనం ఇరుక్కునే చిన్న ముడి ఒకటి ఉంది: సేఫ్ మోడ్‌లో పిన్ తరచుగా పనిచేయదు, అకౌంట్ అసలు పాస్‌వర్డ్ కావాలి. రోజూ పిన్‌తో లోపలికి వెళ్లేవారికి అది గుర్తుండదు. అందుకే ఆమె చేత ముందే పాస్‌వర్డ్‌తో ఒకసారి లాగిన్ చేయించాను.

ఇన్‌స్టాల్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. తాళం వేసి ఉన్న పార్టిషన్‌ను ఇన్‌స్టాలర్ తగ్గించలేదు కాబట్టి మాన్యువల్ పార్టిషనింగ్ ఎంచుకుని, ఖాళీ చోటులో 130 జీబీకి ఒకే ఒక్క ఎక్స్‌ట్4 (లినక్స్ ఫైల్ పద్ధతి) పార్టిషన్ చేశాను. సొంత ఫైళ్లకు విడిగా హోమ్ పార్టిషన్ చేయలేదు. ఒకప్పుడు అదొక ఆచారంలా చేసేవారు. ఇంత చిన్న చోటులో అలా చేస్తే ఒకటి నిండిపోయి రెండోది ఖాళీగా పడి ఉంటుంది. బూట్ ఫైళ్లకు విండోస్ చేసుకున్న 100 ఎంబీ ఈఎఫ్‌ఐ పార్టిషన్‌నే ఫార్మాట్ చేయకుండా వాడాను. షిమ్, గ్రబ్ కలిసి కొన్ని ఎంబీలే తీసుకుంటాయి, కెర్నెళ్లు ఉబుంటు సొంత పార్టిషన్‌లో ఉంటాయి. కెర్నెళ్లను కూడా ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోనే పెట్టే సిస్టమ్‌డీ-బూట్ అనే వేరే బూట్ ప్రోగ్రాం అయితే ఆ 100 ఎంబీ చాలదు.

ఎవరు ముందు లేవాలి

ఈ కేసులో ఎక్కువసేపు ఆలోచించింది దీని గురించే. మామూలు సలహా ఏమిటంటే, ఉబుంటు గ్రబ్‌ను మొదట పెట్టి అందులో విండోస్‌ను కూడా చూపించాలి. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి ఇతర సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆపి ఉంటుంది కనుక, దాన్ని ఆన్ చేయమని కూడా చెబుతారు. నేను దాన్ని ఆపే ఉంచాను. ఉబుంటును రెండో స్థానంలో పెట్టాను.

కారణం టీపీఎం. యంత్రం లేచేటప్పుడు సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉందా, ఏ సర్టిఫికెట్ ఆధారంగా ఏ బూట్ ఫైలును నమ్మింది అన్న వివరాలను ఫర్మ్‌వేర్ టీపీఎంలోని 7వ రిజిస్టర్‌లో నమోదు చేస్తుంది. బిట్‌లాకర్ తన కీని ఆ నమోదుకు ముడిపెట్టి దాస్తుంది. విండోస్ నేరుగా లేస్తే అందులో విండోస్ సర్టిఫికెట్ ఒక్కటే ఉంటుంది. గ్రబ్ మీదుగా లేస్తే ముందు షిమ్‌ను నమ్మడానికి వాడిన వేరే సర్టిఫికెట్, ఉబుంటు సొంత సర్టిఫికెట్ కూడా నమోదవుతాయి. లెక్క మారుతుంది, టీపీఎం కీ ఇవ్వదు, నీలం తెర ప్రత్యక్షమవుతుంది. వచ్చిన దారి మంచిదా చెడ్డదా అన్న విచక్షణ ఆ చిప్‌కు లేదు, దారి మారిందన్నంత వరకే దానికి తెలుసు. గ్రబ్ మెనూలో విండోస్ ఎంచుకున్న ప్రతిసారీ 48 అంకెలు కొట్టుకునే ఓపిక ఎవరికి ఉంటుంది? ఆ విసుగుతోనే చాలామంది ఎన్‌క్రిప్షన్‌నో, సెక్యూర్ బూట్‌నో తీసేస్తారు.

ఇంకో కారణం, విండోస్ అప్‌డేట్లు. పెద్ద అప్‌డేట్ మధ్యలో యంత్రం తనంత తానే ఒకటికి రెండుసార్లు రీస్టార్ట్ అవుతుంది. ఉబుంటు ముందు ఉంటే సగం అప్‌డేట్‌లో వెళ్లి ఉబుంటులో తేలుతుంది, మళ్లీ చేత్తో విండోస్‌కు మళ్లించాలి. ఉబుంటుకు ఆ గొడవ లేదు, ఎప్పుడు రీస్టార్ట్ చేయాలో మనమే నిర్ణయిస్తాం.

కాబట్టి ఆమె వాడకం ఇలా కుదిరింది. పవర్ బటన్ నొక్కితే విండోస్. నొక్కిన వెంటనే ఎఫ్12 కొట్టి ఫర్మ్‌వేర్ మెనూలో ఉబుంటు ఎంచుకుంటే ఉబుంటు. విండోస్‌లో ఉండగా వెళ్లాలంటే సెట్టింగ్స్‌లో రికవరీ కింద అడ్వాన్స్‌డ్ స్టార్టప్‌లోకి వెళ్లి, పరికరాల జాబితాలో ఉబుంటును నొక్కాలి. ఉబుంటు నుంచి తిరిగి ఉబుంటులోకే రావాలంటే, తరువాతి ఒక్క బూట్‌కు మాత్రం వర్తించేలా, బూట్ జాబితాను మార్చే ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్ ఆదేశాన్ని చిన్న స్క్రిప్టుగా రాసి డెస్క్‌టాప్ మీద పెట్టాను. అన్నీ సర్దుకున్నాక బిట్‌లాకర్ కాపలాను తిరిగి ఆన్ చేశాను. సెక్యూర్ బూట్ మొదటి నుంచి చివరి వరకు ఆన్‌లోనే ఉంది.

చిన్నవే గానీ రోజూ గుచ్చేవి

మొదట గడియారం. ఉబుంటులో పనిచేసి విండోస్‌కు వస్తే సమయం తప్పుగా ఉంది. మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉందని విండోస్ అనుకుంటుంది, యూటీసీ ఉందని లినక్స్ అనుకుంటుంది. ఎవరి నమ్మకం ప్రకారం వారు దాన్ని తిప్పుతారు. ఇంటర్నెట్ అందగానే సరిపోతుంది కదా అని వదిలేస్తారు చాలామంది. ఈమె పరిస్థితి అది కాదు: నెట్‌వర్క్ లేని చోట రోబోను నడిపి డేటా తీస్తుంది. ఫైలు భవిష్యత్తులో మార్చినట్టుందని బిల్డ్ సమయంలో హెచ్చరికలు వచ్చాయి, సెన్సర్ రికార్డుల సమయాలు నోటు పుస్తకంతో కలవలేదు. ఉబుంటును స్థానిక సమయానికి మార్చే వీలుంది గానీ, అది మంచి పద్ధతి కాదని టైమ్‌డేట్‌సీటీఎల్ తానే హెచ్చరిస్తుంది. విండోస్ రిజిస్ట్రీలో టైమ్‌జోన్ ఇన్ఫర్మేషన్ కింద రియల్‌టైమ్‌ఈజ్‌యూనివర్సల్ అనే విలువను 1గా పెట్టి, విండోస్‌నే యూటీసీకి తెచ్చాను.

రెండోది డేటా పార్టిషన్. దాన్ని ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో చేశాను. ఎక్స్‌ఫ్యాట్ రెండు వైపులా పనిచేస్తుంది గానీ దానికి జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) లేదు, రాస్తుండగా కరెంటు పోతే దెబ్బతినే అవకాశం ఎక్కువ. లినక్స్ కెర్నెల్‌లో 5.15 నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్3 డ్రైవర్ ఉంది. కొత్త పార్టిషన్‌ను విండోస్ ఎన్‌క్రిప్ట్ చేయలేదని మేనేజ్-బీడీఈతో చూసుకున్నాను. ఆమె స్క్రిప్టులు ఫైలు పేరులో సమయాన్ని కోలన్లతో రాసేవి. లినక్స్ ఒప్పుకుంటుంది, విండోస్ అలాంటి ఫైలును తెరవదు. ఆ పార్టిషన్‌ను లినక్స్‌లో తెరిచేటప్పుడు, అంటే మౌంట్ చేసేటప్పుడు, విండోస్ నేమ్స్ అనే ఆప్షన్ ఇస్తే, అలాంటి పేర్లను లినక్స్ అక్కడికక్కడే తిరస్కరిస్తుంది. స్క్రిప్టు మొదటి రోజే ఆగిపోయింది, ఆమె కోలన్ తీసి గీత పెట్టింది.

మూడోది బ్లూటూత్ హెడ్‌ఫోన్. ఒక సిస్టమ్‌లో జత చేస్తే రెండోదానిలో తెగిపోతుంది. రెండు సిస్టమ్‌లూ ఒకే బ్లూటూత్ చిరునామాతో కనిపిస్తాయి, హెడ్‌ఫోన్ చివరగా కుదిరిన కీనే గుర్తుంచుకుంటుంది. ముందు ఉబుంటులో, తరువాత విండోస్‌లో జత చేసి, విండోస్ రిజిస్ట్రీలో ఉన్న కీని తీసుకుని ఉబుంటులో ఆ పరికరానికి ఉన్న ఇన్ఫో ఫైలులో రాశాను. ఆ రిజిస్ట్రీ భాగాన్ని చదవడానికి అడ్మిన్ హక్కు చాలదు, సిస్టమ్ ఖాతాగా తెరవాలి. ఆమె మౌస్ మాత్రం తక్కువ విద్యుత్ వాడే బ్లూటూత్ రకం, దానికి ఒక్క కీకి బదులు నాలుగైదు విలువలు బదిలీ చేయాలి. ఆ మౌస్‌తో వచ్చిన యూఎస్‌బీ రిసీవర్ వాడుకోమన్నాను.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వచ్చిన రోజు

కొన్ని నెలలకు ఆమె ఫోన్ చేసింది. "సార్, ఎఫ్12 మెనూలో ఉబుంటు లేదు. విండోస్ కూడా ఆ కీ అడిగింది. కాగితం చూసి కొట్టాను, తెరుచుకుంది." ల్యాప్‌టాప్ కంపెనీ ఇచ్చిన ఫర్మ్‌వేర్ అప్‌డేట్ నడిపిందట. అప్‌డేట్ బూట్ జాబితాను తుడిచి, తనకు తెలిసిన విండోస్ ఎంట్రీ ఒక్కటి తిరిగి రాసుకుంది. ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోని ఉబుంటు ఫోల్డరు చెక్కుచెదరలేదు. ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో బూట్ ఆప్షన్ జోడించే చోటుకు వెళ్లి, ఆ ఫోల్డరులోని షిమ్ ఫైలును చూపించి, ఉబుంటు అని పేరు పెట్టమని ఫోనులోనే చెప్పాను. వెంటనే లేచింది. ఆ మెనూ లేని యంత్రాల్లో పెన్‌డ్రైవ్‌తో లేచి ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్‌తో అదే పని చేయాలి. ఏ వైపు నుంచి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేసినా ముందు బిట్‌లాకర్‌ను సస్పెండ్ చేయమన్నాను. స్టోరేజీ మోడ్ తిరిగి ఆర్‌ఎస్‌టీకి మారిందేమోనని చూడమన్నాను. మారలేదు.

ఆ అప్‌డేట్‌ను వద్దనుకునే వీలు కూడా లేదు. సెక్యూర్ బూట్ వాడే 2011 నాటి మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్లలో లినక్స్ షిమ్‌లకు సంబంధించినదానికి 2026 జూన్‌తో, విండోస్ బూట్ ఫైళ్లకు సంబంధించినదానికి అదే ఏడాది అక్టోబరుతో గడువు తీరుతుంది. గడువు తేదీన యంత్రం ఆగిపోదు, ఇప్పటికే ఉన్న షిమ్ లేస్తూనే ఉంటుంది. 2023 నాటి కొత్త సర్టిఫికెట్‌తో మాత్రమే సంతకం చేసిన షిమ్ వచ్చినప్పుడు, ఫర్మ్‌వేర్‌కు ఆ సర్టిఫికెట్ తెలియకపోతే ఉబుంటు బూట్ కాదు. అందుకే ఉబుంటు లేవగానే మోక్‌యుటిల్‌తో ఫర్మ్‌వేర్ నమ్మే సర్టిఫికెట్ల జాబితా చదివించాను. 2011వి ఉన్నాయి, వాటి కింద 2023వి కొత్తగా చేరాయి.